పాలిమర్ మెల్ట్‌లో తొలి బీజం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ ముక్కను డీఎస్‌సీలో (వేడి చేస్తూ, చల్లారుస్తూ పదార్థం ఎంత వేడి తీసుకుందో, వదిలిందో గీసే యంత్రంలో) 200 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున చల్లార్చారు. కరిగే పీక్ 163 దగ్గర వచ్చింది, స్ఫటికాలు కట్టే పీక్ మాత్రం 114 దగ్గర. అదే ముక్కను మళ్లీ 167 దాకానే వేడి చేసి చల్లారిస్తే 121 దగ్గరే స్ఫటికాలు కట్టేశాయి. కరిగే ఉష్ణోగ్రత దాటి కిందికి వచ్చాక కూడా దాదాపు 50 డిగ్రీల పాటు ఆ ద్రవం ఎందుకు ఊరుకుంది? రెండోసారి ఎందుకు తొందరపడింది? అసలు మొదటి స్ఫటికాన్ని మొదలుపెట్టేది ఎవరు?

మూడింటికీ జవాబు ఒకచోటే ఉంది. మనం రోజూ చూసే మెల్ట్‌లో, అంటే కరిగిన పాలిమర్‌లో, తొలి స్ఫటికం తనంతట తాను పుట్టడం చాలా అరుదు. ఏదో ఒకదాన్ని ఆసరా చేసుకుని మొదలవుతుంది: దుమ్ము కణం, కెటలిస్ట్ మిగులు, పూర్తిగా చెరిగిపోని పాత స్ఫటికపు తునక, లాగుడుకి బారుగా సాగిన గొలుసులు (పాలిమర్ అణువులు పొడవైన గొలుసుల్లా ఉంటాయి), ఇలా ఏదైనా కావచ్చు. పాఠ్యపుస్తకాలు మాత్రం "తనంతట తాను" పుట్టే కథతోనే మొదలుపెట్టి ఎక్కువ పేజీలు దానికే ఇస్తాయి. అందుకే లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా తమ డీఎస్‌సీ కర్వు ముందు కూర్చుని తికమకపడతారు. అయినా ఆ కథ తెలియకపోతే ఆసరా ఎందుకు కావాలో అర్థం కాదు కాబట్టి నేనూ అక్కణ్ణుంచే వస్తాను.

ముందు ఒక చిన్న సవరణ. మీరు 163ని గీటురాయిగా తీసుకుని 50 డిగ్రీలు అంటున్నారు. 163 అనేది మీ ముక్కలో ఉన్న పలుచని స్ఫటికాలు కరిగిన ఉష్ణోగ్రత. అనంతంగా మందమున్న, లోపం లేని స్ఫటికం కరగాల్సిన ఉష్ణోగ్రత ఇంకా పైన ఉంటుంది. పాలీప్రొపిలీన్ విషయంలో అదెంత అన్నదానిపై ఇప్పటికీ పేచీ ఉంది. 185 దగ్గర నుంచి 210 దాకా రకరకాల విలువలు వాడతారు. పాలిఎథిలీన్‌తో లెక్క తేలిక: ఆదర్శ స్ఫటికం 142 డిగ్రీల దగ్గర కరుగుతుందనుకుంటే, 20 నానోమీటర్ల మందమున్నది 128 చుట్టుపక్కల, 10 నానోమీటర్లది 115 చుట్టుపక్కల కరుగుతుంది. మందం సగమైతే తగ్గుదల రెట్టింపు. కాబట్టి మీ ద్రవం ఊరుకున్నది నిజానికి 50 డిగ్రీలు కాదు, 70 పైచిలుకే.

ఇప్పుడు అడ్డంకి సంగతి. కరిగే ఉష్ణోగ్రత కంటే కింద, స్ఫటికంగా మారితే పదార్థానికి శక్తి లాభం. ఆ లాభం తునక ఘనపరిమాణాన్ని బట్టి వస్తుంది. నష్టం దాని ఉపరితలాన్ని బట్టి వస్తుంది, ఎందుకంటే ద్రవానికీ స్ఫటికానికీ మధ్య కొత్త సరిహద్దు కట్టడానికి ఖర్చవుతుంది. మరీ చిన్న తునకకి ఒళ్లంతా ఉపరితలమే. అందుకని పుట్టినట్టే పుట్టి మళ్లీ ద్రవంలో కలిసిపోతుంది. ఒక హద్దు పరిమాణం దాటాకే పెరగడం లాభసాటి అవుతుంది. ఆ హద్దులో ఉన్న తునకే క్రిటికల్ న్యూక్లియస్. నేను బీజం అని రాస్తాను. గిబ్స్ ఆలోచనలోంచి వచ్చిన ఈ లెక్కను 1926లో వోల్మర్, వెబర్, 1935లో బెకర్, డోరింగ్ ఆవిరిలో బిందువులు పుట్టడానికి వాడారు. 1949లో టర్న్‌బుల్, ఫిషర్ దాన్ని గడ్డకట్టే ద్రవాలకు తీసుకొచ్చారు. ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: అడ్డంకి ఎత్తు, చల్లదనం లోతు (ఆదర్శ స్ఫటికం కరిగే ఉష్ణోగ్రత కంటే ఎన్ని డిగ్రీలు కిందికి దిగామన్నది) వర్గానికి విలోమంగా తగ్గుతుంది. రెట్టింపు లోతుకి దిగితే అడ్డంకి నాలుగో వంతు. అందుకే ఏమీ జరగని స్థితి నుంచి అంతా జరిగిపోయే స్థితికి మధ్య కొద్ది డిగ్రీలే ఉంటాయి.

పాలిమర్ దగ్గరికొచ్చేసరికి ఈ కథకి ఒక మెలిక ఉంది. బీజం గుండ్రని బంతిలా ఉండదు. గొలుసులు పక్కపక్కన బారుగా నిలబడి కట్టలా చేరతాయి. ఆ కట్ట పక్క గోడలు చవక, పైనా కిందా ఉన్న ముఖాలు ఖరీదు. పాలిఎథిలీన్‌లో పక్క గోడకి చదరపు మీటరుకి 12 మిల్లీజౌళ్లు అనుకుంటే, మడతలు పడే ముఖానికి 90 దాకా పడుతుంది. గొలుసు అక్కడ తెగిపోదు. వంగి వెనక్కి రావాలి, లేదంటే బయటి గందరగోళంలోకి పోవాలి. రెండూ ఖర్చుతో కూడినవే. అందుకే కట్ట సన్నగా, పొడుగ్గా ఉంటేనే దానికి గిట్టుబాటు.

అంకెలు పెట్టి చూస్తే బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది. పాలిఎథిలీన్‌ని ఆదర్శ ఉష్ణోగ్రత కంటే 55 డిగ్రీలు కిందికి దించారనుకోండి. బీజం పొడవు 10 నానోమీటర్ల దగ్గర, అడ్డం 1.3 నానోమీటర్ల దగ్గర తేలుతుంది. గొలుసుకీ గొలుసుకీ మధ్య దూరం అర నానోమీటరు లోపే కాబట్టి, అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం ఎనిమిదో తొమ్మిదో కాడలు (కట్టలో నిలబడ్డ గొలుసు భాగాలు). ఒక్కో కాడలో 80 దాకా కార్బన్లు. అంతే, దాదాపు 700 కార్బన్లు. లక్ష అణుభారమున్న గొలుసులో ఏడు వేలకు పైగా కార్బన్లుంటాయి, అంటే ఒక్క గొలుసులో పదో వంతు సరిపోతుంది. అయినా ఈ చిన్న కట్ట కట్టడానికి దాటాల్సిన అడ్డంకి, ఆ ఉష్ణోగ్రతలో ఉష్ణ చలనం ఇచ్చే శక్తికి (బోల్ట్స్‌మన్ స్థిరాంకం ఇంటూ ఉష్ణోగ్రత) దాదాపు 60 రెట్లు. అదే సగం లోతులో, 27 డిగ్రీల దగ్గర, 220 రెట్లు అవుతుంది. 60 రెట్లంటే కష్టం కానీ జరిగే పనే, కోటానుకోట్ల గొలుసులు ఎడతెగకుండా ప్రయత్నిస్తుంటాయి కదా. 220 రెట్లంటే విశ్వం వయసంత కాలం కూర్చున్నా కుదరదు.

ఇక్కడే అసలు చిక్కు. మామూలు పాలిఎథిలీన్ డీఎస్‌సీలో 115-120 దగ్గరే స్ఫటికాలు కట్టేస్తుంది. అంటే పాతిక డిగ్రీల లోతులోనే. లెక్క ప్రకారం అది అసాధ్యం. లెక్క తప్పా? కాదు. అక్కడ జరిగేది వేరే పని.

దీన్ని తేల్చిన ప్రయోగం ఎంత సాదాగా ఉంటుందో చూడండి. ఒక ఘనపు మిల్లీమీటరు మెల్ట్‌లో పది లక్షల పరాయి కణాలున్నాయనుకుందాం. దాన్ని ఒక్కో మైక్రాన్ సైజు బిందువులుగా విడగొడితే వంద కోట్ల బిందువులవుతాయి. వెయ్యి బిందువుల్లో 999కి పైగా శుభ్రంగా ఉంటాయి. కల్తీ ఉన్న బిందువు ముందే గడ్డకట్టినా ఆ అంటువ్యాధి పక్క బిందువుకి పాకదు. ఈ ఎత్తుగడనే టర్న్‌బుల్ మొదట లోహాల మీద వాడాడు. 1962లో కార్మియా, ప్రైస్‌లతో కలిసి పాలిఎథిలీన్ మీద వాడితే బిందువులు 85 డిగ్రీల దగ్గరికి దిగేదాకా ద్రవంగానే ఉన్నాయి. పైన నేను 55 డిగ్రీల లోతు తీసుకున్నది ఊరికే కాదు. పాలిఎథిలీన్ ఆక్సైడ్‌తో ఇంకా వింతగా ఉంటుంది. 65 డిగ్రీల దగ్గర కరిగే ఈ పదార్థాన్ని పలుచని పొర నుంచి చిన్న చిన్న బిందువులుగా విడగొడితే, నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత దాకా దిగినా చాలా బిందువులు ద్రవంగానే ఉంటాయి. ముద్దగా ఉన్నప్పుడు అదే పదార్థం 40 డిగ్రీల చుట్టుపక్కలే గడ్డకట్టేస్తుంది. ఆ తేడా అంతా ఆసరా ఉండటం, లేకపోవడంలోదే.

ఆసరా ఏం చేస్తుందంటే, కట్టాల్సిన గోడల్లో ఒకదాన్ని ముందే కట్టి ఇస్తుంది. ఆ ఉపరితలం మీద గొలుసుల మధ్య దూరానికి సరిపడే వరసలుంటే మరీ మంచిది, గొలుసు అందులో ఇమిడి పడుకుంటుంది. దీన్ని ఎపిటాక్సీ అంటారు. పాలీప్రొపిలీన్‌లో బీజాల కోసం మందుగా కలిపే సోడియం బెంజోయేట్ చేసే పని ఇదే. సార్బిటాల్ జాతి మందులు ఇంకో దారిలో వస్తాయి: వేడి మెల్ట్‌లో కరిగిపోయి, చల్లారేటప్పుడు ముందు అవే సన్నని పీచుల వలలా విడిపోతాయి. ఆ పీచుల మీద పాలిమర్ మొదలవుతుంది. బీజాలు లెక్కకు మించి ఉండటంతో ఏ ఒక్క స్ఫెరులైటూ (ఒక బీజం చుట్టూ గుండ్రంగా పెరిగే స్ఫటికాల గుత్తి) కాంతిని చెదరగొట్టేంత పెద్దదవదు. డబ్బా పారదర్శకంగా కనిపించడానికి కారణం అదే, స్ఫటికాలు తగ్గి కాదు. వందకి 0.2 పాళ్లు మందు వేసినా 114 పీక్ 125-130కి ఎగబాకుతుంది. కొన్ని రంగులు కూడా చెప్పాపెట్టకుండా ఇదే పని చేస్తాయి. ఫ్తాలోసయనైన్ నీలం, ఆకుపచ్చ ఇందులో పేరుమోసినవి. మూత పోసే అచ్చు అదే, పాలిమర్ గ్రేడ్ అదే, రంగు మార్చగానే మూత వంకరపోయిందని తలపట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను.

హాట్ స్టేజ్ (నమూనాను వేడి చేసే బల్ల) ఉన్న పోలరైజింగ్ మైక్రోస్కోప్ దొరికితే ఈ మాటలన్నీ పక్కన పెట్టి ఒక పూట దాని ముందు కూర్చోండి. రెండు గాజు పలకల మధ్య పాలీప్రొపిలీన్ పలుచని పొర చేసి, 220 దగ్గర ఐదు నిమిషాలు ఉంచి, గబగబా 135కి దించండి. మొదట అంతా నల్లగా ఉంటుంది. కొంతసేపటికి ఒకచోట చుక్క, ఇంకోచోట చుక్క. ఒక్కో చుక్క గుండ్రంగా విచ్చుకుంటుంది, మధ్యలో నల్లని కూడిక గుర్తు. అంచు నిమిషానికి కొన్ని మైక్రాన్ల చొప్పున, దాదాపు ఒకే వేగంతో జరుగుతుంది. ఇప్పుడు ఫొటో తీసి పెట్టుకోండి. మళ్లీ 220కి తీసుకెళ్లి, మళ్లీ 135కి దించి రెండో ఫొటో తీయండి. రెండూ పక్కపక్కన పెడితే చాలా చుక్కలు అవే చోట్ల మొలిచి ఉంటాయి. తనంతట తాను పుట్టేదైతే ప్రతిసారీ అదే చోట ఎందుకు పుడుతుంది? అక్కడ ఏదో ఉంది. ఇంకో ఆనవాలు సరిహద్దులు. పక్కపక్క స్ఫెరులైట్లు ఒకేసారి మొదలైతే అవి కలిసే గీత తిన్నగా ఉంటుంది. ఒకటి ముందు, ఒకటి వెనక మొదలైతే గీత వంగుతుంది. ఫొటోలో తిన్నని గీతలే ఎక్కువుంటే బీజాలన్నీ దాదాపు ఒక్కసారే మొదలయ్యాయన్నమాట, అంటే ముందే సిద్ధంగా ఉన్న ఆసరాల మీద.

నేను ఈ పనికి కొత్తగా ఉన్నప్పుడు ఒక పొరలో స్ఫెరులైట్లకు బదులు, సీసాలు కడిగే బ్రష్‌లా ఒక గీతకి రెండు వైపులా దట్టంగా కుచ్చులు పెరిగాయి. రెండు రోజులు ఏదో కనిపెట్టేశానన్న సంబరంలో తేలాను. తీరా చూస్తే అది గాజు పలక తుడిచిన గుడ్డ నుంచి ఊడిన నూలు పోగు. సెల్యులోజ్ మీద పాలీప్రొపిలీన్ అలా వరసకట్టి మొలుస్తుందని తర్వాత చదువుకున్నాను.

ఇక మీ రెండో రన్. 167 అంటే మీ కర్వులో కరిగే పీక్ ఇంకా తోక ముడవని చోటు. అందరికంటే మందంగా ఉన్న స్ఫటికాల తునకలు కొన్ని అక్కడ బతికే ఉంటాయి. చల్లారేటప్పుడు వాటికి కొత్త బీజం అక్కర్లేదు, ఉన్నదాని మీదే పెరుగుతాయి. దీనికి సెల్ఫ్ న్యూక్లియేషన్ అని పేరు. 1966లో బ్లండెల్, కెల్లర్, కొవాక్స్ ద్రావణాల్లో దీన్ని చూపించారు. ఏ పాలిమర్‌కైనా దాని సొంత స్ఫటికాన్ని మించిన బీజం లేదు. అందుకే 1993లో ఫిలాన్, లాట్జ్ బృందం దీన్నే నూటికి నూరు మార్కులుగా పెట్టుకుని న్యూక్లియేటింగ్ ఏజెంట్లకు (ఇందాకటి బీజాల మందులకు) మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. మార్కెట్లో మంచి పేరున్న మందులు చాలా వాటికి ఆ స్కేలు మీద 60, 70 రావడమే గొప్ప.

తునకలన్నీ కరిగిపోయాక కూడా జ్ఞాపకం మిగలడం ఇందులో నాకు బాగా నచ్చే భాగం. లక్ష అణుభారమున్న పాలిఎథిలీన్ గొలుసుని సాగదీస్తే 900 నానోమీటర్లు. మెల్ట్‌లో అది 15 నానోమీటర్ల వ్యాసార్ధంలో చుట్టుకుని, ఇరుగుపొరుగు గొలుసులతో చిక్కుపడి ఉంటుంది. స్ఫటికంలో పక్కపక్కన ఉన్న భాగాలు కరగగానే ఆ చిక్కుల్లోకి ఒక్క గంతులో వెళ్లిపోలేవు. డీఎస్‌సీకి అంతా ద్రవమే, ఎక్స్‌రేకీ ద్రవమే. అయినా ఆ పొరుగుతనం కాసేపు నిలుస్తుంది. కొన్ని ఇథిలీన్ కోపాలిమర్లలో ఈ జ్ఞాపకం ఆదర్శ ఉష్ణోగ్రత కంటే పైకి వెళ్లినా చెరగదని తేలింది. దుమ్ము కణాల పగుళ్లలో ఇరుక్కున్న స్ఫటికపు తునకలు మామూలు కంటే పైదాకా కరగకుండా ఉండటం ఇంకో వివరణ. నా అనుభవంలో రెండూ కలిసే ఉంటాయి. ఏ పాలు ఎంతో విడదీయడం కష్టం.

లాగుడు గురించి క్లుప్తంగా చెప్తాను, అది వేరే పెద్ద సంగతి. పెనింగ్స్ 1960లలో కలుపుతున్న పాలిఎథిలీన్ ద్రావణంలో మధ్యన నిలువు పోగు, దాని మీద అడ్డంగా బిళ్లలు గుచ్చినట్టుండే స్ఫటికాలు చూశాడు. షిష్-కెబాబ్ అన్న పేరు అలా స్థిరపడింది. పొడవైన గొలుసులు ప్రవాహంలో సాగితే స్ఫటికంగా మారడానికి వాటికి పెద్దగా ఇబ్బంది ఉండదు. ఇంజెక్షన్ మోల్డింగ్‌లో గోడకి ఆనుకున్న పొర, లోపలి భాగం మైక్రోస్కోప్ కింద వేర్వేరుగా కనిపించడానికి కారణం ఇదే. డీఎస్‌సీ పాన్‌లోకి బ్లేడుతో నొక్కి కోసిన ముక్కలో కూడా కొంత లాగుడు మిగులుతుంది. చాలామంది పట్టించుకోరు.

బీజానికి ముందు ఇంకేదైనా దశ ఉంటుందా అన్నది ఇంకా తెగని వాదం. కొన్ని ఎక్స్‌రే ప్రయోగాల్లో స్ఫటికం జాడ కనిపించకముందే సాంద్రతలో హెచ్చుతగ్గులు కనిపించాయి. దాన్నిబట్టి 1998లో ఓమ్‌స్టెడ్ బృందం మెల్ట్ ముందు రెండుగా విడిపోతుందని, తర్వాత స్ట్రోబుల్ ముందు అరకొర క్రమమున్న పలుచని పొర వస్తుందని ప్రతిపాదించారు. ఎదుటి పక్షం వాదన సులువు: కొద్దిపాటి స్ఫటికాల్ని ఒక రకం ఎక్స్‌రే పట్టగలదు, ఇంకో రకం పట్టలేదు, అంతే తేడా అని. నేను రెండో పక్షం వైపే కాస్త మొగ్గుతాను. అయితే పాలీప్రొపిలీన్‌ని విపరీతమైన వేగంతో చల్లారిస్తే స్ఫటికానికి బదులు అరకొర క్రమమున్న మీసోఫేజ్ వస్తుందన్నది 1960ల నుంచీ తెలిసిన నిజం. చిప్ మీద పనిచేసే ఫాస్ట్ క్యాలరీమీటర్లలో సెకనుకు వందల డిగ్రీల వేగంతో దించితే పై పీక్ మాయమై, చాలా కింద ఇంకో పీక్ వస్తుంది. దుమ్ముకి టైమ్ ఇవ్వకుండా పరిగెత్తితే, తనంతట తాను మొదలయ్యే దారి అక్కడ ఎదురవుతుంది. పుస్తకంలో చదివిన మొదటి కథ నిజంగా నడిచేది ఆ లోతులోనే.

మీరు చేయాల్సిందల్లా ఇంకో మూడు రన్‌లు. నైట్రోజన్ కింద 230 దాకా తీసుకెళ్లి ఐదు నిమిషాలు ఉంచి అదే 10 డిగ్రీల వేగంతో దించండి. పీక్ 114 దగ్గరే ఉంటే మీ 200 రన్‌లో జ్ఞాపకం అప్పటికే చెరిగిపోయిందని అర్థం, ఆ 114 మీ గ్రేడ్‌లో ఉన్న దుమ్ము, కెటలిస్ట్, మందుల సంతకం. 110కి జారితే 200 చాలలేదని అర్థం, ఇక మీదట 230 నుంచే మొదలుపెట్టండి. రెండో రన్‌లో 230తో చెరిపేసి, 169కి తీసుకెళ్లి దించండి, మూడోది అలాగే 171కి. 121 నుంచి పీక్ ఎక్కడ మామూలుకి వచ్చేస్తుందో అది మీ ముక్కలో తునకలు బతికే హద్దు. ఒక హెచ్చరిక: ఈ కర్వులకి అవ్రామీ సమీకరణం (కాలంతో పాటు స్ఫటికాలు ఎంత కట్టాయో చెప్పే సూత్రం) పెట్టి, ఘాతాంకం 3 వచ్చింది కాబట్టి బీజాలు ఫలానా రకం అని రిపోర్టులో రాయకండి. ఒకే ఘాతాంకం రెండు మూడు వేర్వేరు కథలకి సరిపోతుంది. ఆ పనికి ఇందాక చెప్పిన రెండు ఫొటోలే నమ్మదగ్గవి.